అరవై కోట్ల చుక్కలు

వాగులో నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. ఫిబ్రవరి నెల, పొద్దున ఏడున్నర. ఎదురుగా ఐదు కమానుల రాతి వంతెన. నిజాం కాలంలో సున్నంతో కట్టింది. మీద బస్సులు, ఇసుక ట్రాక్టర్లు, పత్తి లారీలు ఆగకుండా పోతున్నాయి. దాన్ని గట్టిపరచి వాడుకోవాలా, కొత్తది కట్టుకుని దీన్ని పక్కన పెట్టాలా అన్నది తేల్చాలి. తేల్చాలంటే ముందు అది ఏ ఆకారంలో ఉందో తెలియాలి కదా. పాత డ్రాయింగుల కోసం బీరువాలన్నీ దులిపించాం. దొరికింది చెదలు తిన్న సైట్ ప్లాన్ ఒక్కటే. అందులో మన వంతెన రెండు అడ్డగీతలు.

ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో బాగా దిగేసి, పైన పెట్టెను బిగించి మీట నొక్కాం. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె. నడుమ చీలిక, చీలికలో చిన్న అద్దం. అద్దం కంటికి ఆననంత వేగంగా నిలువునా గిర్రున తిరుగుతుంటే, పెట్టె మాత్రం ప్రదక్షిణ చేసే ముసలమ్మలా నింపాదిగా పక్కకు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది.

గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన దిగి వచ్చాడు.

"ఇదేంది సారూ, కెమెరానా?"

"అట్లాంటిదే తాతా. వంతెనను కొలుస్తది."

"కొలిచేదైతే టేపేది?"

నేను జవాబు వెతుక్కునేలోగా ఆయనే అన్నాడు: "సర్వేయోళ్లు వచ్చిన్రంటే ఎవరిదో భూమి పోతది. ఈసారి ఎవరిది పోతది?" భూమి కాదు, వంతెన ఒక్కటే అని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. నమ్మాడని ఇప్పటికీ అనుకోను. టేపేది అన్న మొదటి ప్రశ్నకు మాత్రం ఆయన బాకీ ఉండిపోయాను. ఇక్కడ తీర్చుకుంటాను.

టేపు లేదు. గడియారం ఉంది.

కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. ఒకప్పుడిది కొలిచి చెప్పిన అంకె. 1983 నుంచి మీటరుకు నిర్వచనమే ఇదైంది. సెకనును అన్ని భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం కాలంలో కాంతి పోయే దూరమే మీటరు. అంటే పొడవును కొలవడమన్నా కాలాన్ని కొలవడమన్నా ఒకటే. పెట్టెలోంచి లేజరు కాంతి రెప్పపాటుకన్నా ఎన్నో కోట్ల రెట్లు చిన్న తునకగా బయలుదేరుతుంది. అద్దం దాన్ని వంతెన మీదికి మళ్లిస్తుంది. రాతికి తగిలి నలుదిక్కులా చెదిరిన కాంతిలో పిసరంత వెనక్కి వస్తుంది. పది మీటర్ల దూరంలోని రాతిని తాకి రావడానికి పట్టేది 67 నానోసెకన్లు. ఆ కాలాన్ని సగం చేసి కాంతి వేగంతో హెచ్చిస్తే దూరం. లెక్క ఎనిమిదో తరగతిది. కష్టమంతా గడియారంలో ఉంది. ఒక్క మిల్లీమీటరు తేడా పట్టుకోవాలంటే 6.7 పికోసెకన్ల తేడా పట్టుకోవాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు.

అంత సన్నటి కాలాన్ని నేరుగా పట్టడం కష్టమని కొన్ని స్కానర్లు ఇంకో దారి పట్టాయి. తునకలు విసరడం మాని, కాంతిని ఆపకుండా వదులుతూ దాని వెలుగును అలలా హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటాయి. ఆ అల పొడవు మూడు మీటర్లనుకుందాం. తిరిగొచ్చిన అల, బయలుదేరుతున్న అలకన్నా ఎంత వెనకబడిందో చూస్తే, రాను పోను దూరం కనుక, ఒకటిన్నర మీటర్ల లోపల ఎక్కడున్నామో చాలా కచ్చితంగా తెలుస్తుంది. కానీ ఎన్ని ఒకటిన్నరలు దాటి వచ్చిందో తెలియదు. అందుకని దానితోపాటే ఇంకా పొడవైన అలనూ పంపుతారు. గోడ గడియారంలో పెద్ద ముల్లు ఒక్కటే ఉంటే నిమిషాలు తెలుస్తాయి, ఎన్ని గంటలైందో తెలియదు. చిన్న ముల్లు ఒక్కటే ఉంటే గంట తెలుస్తుంది, నిమిషాలు తెలియవు. రెండూ కలిస్తేనే టైము. ఇక్కడా అంతే.

ఇదే సూత్రం చంద్రుడి దాకా పనిచేస్తుంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ మీద అయిదు సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న అద్దాల బిళ్ల ఒకటుంది. 2023 డిసెంబరు 12న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా వారి ఎల్‌ఆర్‌ఓ ఉపగ్రహం వంద కిలోమీటర్ల దూరం నుంచి దాని మీదికి లేజరు వేసి, తిరిగొచ్చిన కాంతిని అందుకుంది. కాకపోతే అక్కడ తిరిగి పంపడానికి అద్దాలు ఉన్నాయి. మన వంతెనకు ఎవరూ అద్దాలు అతికించలేదు. నాచు పట్టిన నల్లరాయి, రాలిన సున్నం, వాటి నుంచి వచ్చిన కాస్త కాంతితోనే సరిపెట్టుకోవాలి.

దూరం ఒక్కటే తెలిస్తే చాలదు. అద్దం ఆ క్షణాన ఎంత పైకి చూస్తోందో, పెట్టె ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా నమోదవుతుంది. ఎటు, ఎంత ఎత్తుకు, ఎంత దూరం అన్న మూడూ కలిస్తే గాలిలో ఒక చుక్క స్థానం ఖాయం. ఇలాంటి చుక్కలు సెకనుకు పది లక్షలు, కొన్ని యంత్రాల్లో ఇరవై లక్షలు. ఆ రోజు మేం పెట్టుకున్న లెక్క పది మీటర్ల దూరంలో చుక్కకూ చుక్కకూ మధ్య 6 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్కసారి తిరిగితే నాలుగున్నర కోట్ల చుక్కలు. వాగులో, గట్టు మీద, రోడ్డు మీద కలిపి పద్నాలుగు చోట్ల పెట్టెను నిలిపాం. అరవై కోట్ల పైమాట.

*

ఈ అంకె ఎంత వింతో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1802 ఏప్రిల్ 10న మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ ఒక సరళరేఖను కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల రేఖ. చేతిలో వంద అడుగుల ఉక్కు గొలుసు, రెండున్నర అడుగుల కడ్డీలు నలభై. ఆ గొలుసు నిజానికి చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళ్లిన సామానులోది. ఆయనకు అక్కర్లేక తిరిగొచ్చి ఇండియాకు చేరింది. ఎండకు ఉక్కు సాగుతుందని గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడి ఎంతుందో రాసుకుంటూ దాదాపు నాలుగు వందల సార్లు ఆ గొలుసును జరుపుకుంటూ పోయారు. 57 రోజులు పట్టింది. చివరికి చేతికొచ్చింది ఒక్క అంకె. ఆ అంకెతో మొదలుపెట్టి త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ దేశమంతా కొలిచారు.

కోణాలు కొలిచే ఆయన థియోడొలైట్ బరువు దాదాపు అర టన్ను. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయ విమానం పైకి దాన్ని తాళ్లతో లాగుతుంటే గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి గుడారంలో తలుపులు బిగించుకుని, వంగిన పళ్లేన్ని రవ్వ రవ్వ సరిచేసుకున్నాడు. ఇప్పటి స్కానరు వీపు సంచిలో పడుతుంది. అయినా సర్వేయరు గుండె ఇంకా అప్పటిలాగే ఉంది. పెట్టె చేతుల్లోంచి చేతుల్లోకి మారే ప్రతిసారీ మా వాళ్లు మాటలు ఆపేస్తారు.

లాంబ్టన్ నుంచి కోణాన్నీ దూరాన్నీ కలిపి కొలిచే మొన్నమొన్నటి టోటల్ స్టేషన్ దాకా సర్వేలో ఒక పద్ధతి మారలేదు. ఏ చుక్కను కొలవాలో ముందు మనిషి నిర్ణయిస్తాడు, తర్వాత కొలుస్తాడు. గొలుసు ఏ రాయి దగ్గర ఆగాలో, స్టాఫ్ పట్టుకున్న వాడు ఎక్కడ నిలబడాలో, ప్రిజం ఏ మూలన పెట్టాలో ముందే తెలియాలి. మంచి సర్వేయరంటే మంచి చూపున్నవాడని అర్థం. వంద గజాల గట్టు మీద ఏ పది చుక్కలు తీసుకుంటే గట్టంతా చేతికొస్తుందో అతనికి తెలుసు. ఆ పదీ తప్పుగా ఎంచుకుంటే యంత్రం ఎంత మంచిదైనా మ్యాపు తప్పే.

స్కానరు ఈ వరస తలకిందులు చేసింది. అది దేన్నీ ఎంచదు. వంతెనతో పాటు వాగులో పారేసిన చెప్పును, కరెంటు తీగ మీది కాకిని, మేకల కాపరి తలపాగాను అంతే శ్రద్ధగా కొలుస్తుంది. ఎంపిక తర్వాత, ఆఫీసులో, ఫ్యాను కింద. ఇదే దాని గొప్ప, ఇదే దాని చిక్కు కూడా. నా మట్టుకు నాకు, స్కానరు తెచ్చిన అసలు మార్పు వేగం కాదు, ఇది.

ఈ మార్పు వెనక ఒక సివిల్ ఇంజనీరు ఉండటం నాకు ఇష్టమైన సంగతి. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి అమెరికా వెళ్లిన బెన్ కసీరా, 1990లలో సైరా టెక్నాలజీస్ అనే కంపెనీ పెట్టి, సైటుకు మోసుకుపోగల తొలి తరం స్కానర్లలో ఒకదాన్ని తయారుచేయించాడు. 2001లో ఆ కంపెనీని సర్వే పరికరాల సంస్థ లైకా కొనుక్కుంది. అదే ఏడాది అఫ్గానిస్తాన్‌లోని బామియాన్‌లో తాలిబన్లు బుద్ధ విగ్రహాలను పేల్చేశారు. కసీరా 2003లో సైఆర్క్ అనే సంస్థ పెట్టి, పాత కట్టడాలు పోకముందే వాటిని చుక్కలుగా దాచే పనిలో పడ్డాడు. గుజరాత్‌లోని రాణీ కీ వావ్, అదే మన వంద రూపాయల నోటు వెనక కనిపించే మెట్లబావి, అలా స్కాన్ అయిన వాటిలో ఒకటి.

*

ఇక చిక్కుల సంగతి. స్కానరుకు కాళ్లు లేవు, నిలబెట్టిన చోటి నుంచి కనిపించిందే చూస్తుంది. స్తంభం ముందు నిలబెడితే స్తంభం వెనక నీడ. దీపం ముందు చేయి పెడితే గోడ మీద పడే నీడ లాంటిదే. ఆ నీడలో చుక్కలుండవు. అందుకే పద్నాలుగు చోట్లు. ఒక చోట నీడలో ఉన్నది ఇంకో చోట నుంచి వెలుగులోకి రావాలి.

రెండో కమాను కింద, ఎగువ వైపు స్తంభం మొదట్లో తుమ్మకంప ఒత్తుగా ఉంది. "కొడదామా సార్?" అన్నాడు మా హెల్పరు. "వద్దులే, పక్క నుంచి కనిపిస్తుంది" అన్నాను. ఎండ ఎక్కుతోంది, ఆకలేస్తోంది. సాయంత్రానికి 160 కిలోమీటర్లు వెనక్కి వచ్చేశాం. మర్నాడు కంప్యూటర్లో వంతెనను తిప్పి తిప్పి చూస్తుంటే, ఆ స్తంభం మొదట్లో తలుపంత నల్లటి కన్నం. కంప ఆకు ఆకునా అద్భుతంగా వచ్చింది. కంప వెనక వంతెన లేదు. అదీ నీటి ఒరవడి కొట్టే చోటు, అన్నిటికన్నా ముందు చూడాల్సిన చోటు. మూడో రోజు కొడవలి పట్టుకుని మళ్లీ వెళ్లాం. అరవై కోట్ల చుక్కలు తెచ్చుకుని, కావలసిన రెండు వేల చుక్కల కోసం పెట్రోలు పోయించుకున్న మనిషిని నేను.

నీళ్లు ఇంకో సంగతి. మామూలు స్కానర్లు వాడే పరారుణ కాంతి నీటిలోకి దిగదు. కొంత అద్దంలోలా జారిపోతుంది, కొంత నీరే మింగేస్తుంది. నదులు, తీరాలు కొలవడానికి ఆకుపచ్చ లేజరు వాడేది అందుకే. మా వాగులో ఆ నాలుగు వేళ్ల నీళ్ల కింద ఏముందో స్కానరుకు తెలియదు. పునాది కింద మట్టి ఎంత కోసుకుపోయిందో అసలే తెలియదు. వంతెనలు కూలేది చాలాసార్లు పైన పగుళ్ల వల్ల కాదు, కింద మట్టి పోవడం వల్ల. దానికి మేం వాడింది ఇనప గెడ. స్తంభం చుట్టూ పొడుచుకుంటూ, ఎక్కడ ఎంత దిగిందో రాసుకున్నాం. లాంబ్టన్ చూస్తే గుర్తుపట్టే పని అది.

అద్దాలు, నిగనిగలాడే స్టీలు, కొత్త తారు రోడ్డు కూడా ఇబ్బంది పెడతాయి. మెరుపు వస్తువులు కాంతిని వేరే దిక్కుకు నెట్టేస్తాయి, నల్లనివి మింగేస్తాయి. రాతి అంచు మీద కాంతి సగం రాతికి, సగం వెనకున్న గోడకు తగిలితే, పెట్టె రెంటినీ కలిపి మధ్యలో ఎక్కడో గాలిలో చుక్క పెడుతుంది. అంచుల వెంట ఇలాంటి దొంగచుక్కలు పొట్టులా రాలి ఉంటాయి. పైగా లేజరు చుక్క సూదిమొన కాదు, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. చాలా యంత్రాల్లో వంద మీటర్ల దగ్గర అది రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు బిళ్ల. రెండు మిల్లీమీటర్ల పగులు కావాలంటే దగ్గరికి వెళ్లి చూడాల్సిందే. బ్రోషరులో మిల్లీమీటరు అని రాసి ఉంటుంది కనుక పగుళ్లన్నీ వచ్చేస్తాయనుకునే వాళ్లను చాలామందిని చూశాను.

ఒక్క మంచి సంగతి కూడా చెప్పాలి. ప్రతి చుక్కతో పాటు ఎంత కాంతి తిరిగొచ్చిందో కూడా నమోదవుతుంది. తడి ఉన్న చోట పరారుణ కాంతి తక్కువగా వస్తుంది. ఆ లెక్కకు రంగులు వేస్తే, నాలుగో కమాను కడుపులో కంటికి అంతగా తెలియని తడి చారలు మసిబొగ్గు గీతల్లా బయటపడ్డాయి. పైన రోడ్డు నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి, నీరంతా కమానులోకి ఇంకుతోంది. నెల తిరక్కుండా బాగుచేయగలిగింది అదొక్కటే.

*

పద్నాలుగు చోట్ల తీసినవి పద్నాలుగు వేరు వేరు లోకాలు. ప్రతి దానిలోనూ స్కానరే నడిమధ్య, దానికి తోచిందే ఉత్తరం. వీటిని ఒకటి చేయాలి. అందుకే స్కాన్‌కు ముందు గట్టు మీదా రాళ్ల మీదా నలుపు తెలుపు గళ్ల అట్టలు, తెల్లటి బంతులు పెట్టుకున్నాం. బంతి ఎందుకంటే ఎటు నుంచి చూసినా దాని కేంద్రం ఒకటే. రెండు స్కాన్లలోనూ కనిపించే బంతులు కనీసం మూడుంటే, ఒక లోకాన్ని తిప్పి జరిపి రెండోదాని మీద కూర్చోబెట్టొచ్చు. మూడు కాళ్ల పీట కదలనట్టే. మేం ఆరు పెట్టాం. మంచిదైంది. ఒక బంతికి ఒళ్లు రుద్దుకుని పోయింది మేక. రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంటే ఎక్కడో తెలియక గంటసేపు తల పట్టుకున్నాం. ఆ బంతిని తీసేస్తే తేడా రెండు మిల్లీమీటర్లకు దిగింది.

బంతులు లేకుండా కూడా అతికించే ఉపాయం ఉంది. 1992లో పాల్ బెస్ల్, నీల్ మెకే అనే ఇద్దరు రాసిన పద్ధతి ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది. రెండు చుక్కల గుంపులను దగ్గరగా తెచ్చి, ఇందులో ప్రతి చుక్కకూ అందులో దగ్గరి చుక్కను వెతికి, ఆ దూరాలన్నీ కలిపి తగ్గేలా కొంచెం జరిపి, మళ్లీ వెతికి, మళ్లీ జరిపి... కదలాల్సిన పని లేనంత వరకు. మూలలు, మలుపులు ఉన్న చోట బాగా అతుకుతుంది. సొరంగంలో, పొడుగాటి కాలువ గోడల మధ్య ఒక చోటు ఇంకో చోటులాగే ఉంటుంది కనుక, ముందుకు వెనక్కు జారిపోయినా సరే బ్రహ్మాండంగా అతికానని చెబుతుంది. కాబట్టి పొడవైన పనుల్లో టోటల్ స్టేషన్‌తో ముందే నాలుగు స్థిరమైన బిందువులు పాతుకోవడం మానకూడదు. కుర్రవాళ్లు ఇది పాతకాలపు చాదస్తం అంటారు.

అతికిన తర్వాత తెర మీద తేలేదాన్ని పాయింట్ క్లౌడ్, అంటే చుక్కల మబ్బు, అంటారు. నాకు మాత్రం సంక్రాంతి వాకిలి గుర్తొస్తుంది. ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలు పెడతారు, తర్వాత గీతలు కలుపుతారు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అన్నది చేతికి తెలుసు. ఇక్కడ చుక్కలు పెట్టింది ఎవరికీ ఏ ముగ్గూ తెలియని యంత్రం. ఏ చుక్క రాయో, ఏ చుక్క ఆకో, ఏది కమాను అంచో దానికి తెలియదు. గీతలు కలిపేది మనమే. ఒక రోజు వాగులో చేసిన పనికి డ్రాయింగులు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. సైటులో మిగిలిన టైము ఆఫీసులో కట్టాలి. కొటేషన్లు వేసేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

ఆ డ్రాయింగులో మూడో కమాను నడినెత్తి మిగతా నాలుగింటికన్నా 38 మిల్లీమీటర్లు కిందికి ఉన్నట్టు తేలింది. అందరూ హడలిపోయారు. వంతెన కుంగుతోందా? ఇక్కడే ఆగి ఆలోచించాలి. స్కాన్ చెప్పేది ఆకారం, చరిత్ర కాదు. కుంగి 38 మిల్లీమీటర్లు దిగిందో, కట్టిన మేస్త్రి చెక్క చట్రమే అప్పుడు కొంచెం దిగి అలాగే కట్టేశారో, ఒక్క స్కాన్ చెప్పలేదు. రెండోది కావాలి, వానాకాలం దాటాక.

*

వంకర ఎలా వచ్చిందన్న ఈ ప్రశ్ననే ఇంకోలా అడిగినవారు ఆండ్రూ టాలన్. అమెరికాలో వాసర్ కాలేజీలో కళాచరిత్ర చెప్పేవారు. 2010లో ఆయన పారిస్ నోట్రెడామ్ చర్చిని యాభైకి పైగా చోట్ల నుంచి స్కాన్ చేశారు. వంద కోట్లకు పైగా చుక్కలు. మధ్యయుగపు మేస్త్రులు అంత పెద్ద రాతి కట్టడాన్ని ఎలా లేపారో, కడుతుండగా అది ఎటు ఒరిగిందో, ఒరిగితే వాళ్లేం చేశారో, ఆ వంకరల్లోంచే చదవాలన్నది ఆయన కోరిక. స్తంభాలు వరసలో లేకపోవడం, పడమటి వైపు గోడ నిట్టనిలువుగా లేకపోవడం ఆ చుక్కల్లో కనిపించాయి. కింది నేల దిగుతుంటే పనివాళ్లు ఆగి, నేల కుదురుకునే దాకా చూసి మళ్లీ కట్టారని ఆయన అర్థం చేసుకున్నారు. రసమట్టం సరిగ్గా ఉందా లేదా అని మనం చూస్తాం, ఆయన ఎందుకు సరిగ్గా లేదో చూశారు.

టాలన్ 2018 నవంబరులో చనిపోయారు. 2019 ఏప్రిల్ 15న ఆ చర్చి పైకప్పు తగలబడింది, శిఖరం విరిగి లోపల పడింది. ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలిన కొలతల్లో ఆయనవి ముఖ్యమైనవి. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరుచుకుంది. నిప్పు అంటుకుంటుందని ఆయన అనుకుని కొలవలేదు. ముందే ఎంచుకుని కొలిచేవారైతే తన ప్రశ్నకు కావలసిన నాలుగైదు వేల చుక్కలు తీసుకుని ఊరుకునేవారు. ఏమీ ఎంచకుండా కొలిచే యంత్రం కావడం వల్ల, ఆయన అడగని ప్రశ్నలకూ జవాబులు అందులో ఉండిపోయాయి.

*

కిందనే కాదు, పెట్టెను హెలికాప్టరుకూ డ్రోనుకూ కూడా కడతారు. అది ఎంత కష్టం తప్పించిందో తెలియాలంటే మళ్లీ పాత సర్వే దగ్గరికే పోవాలి. జార్జ్ ఎవరెస్టు, తర్వాత శిఖరానికి పెట్టింది ఈయన పేరే, 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు కొలవడానికి దిగాడు. కొండ నుంచి కొండ కనిపించాలంటే చెట్లు కొట్టించాలి, వాన వెలిసి గాలి తేటపడే దాకా కాచుకోవాలి. ఆ కాచుకోవడంలోనే జ్వరాలు పట్టాయి. పరివారమంతా మంచాన పడింది, కొందరు చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి మరుసటి ఏడు కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సి వచ్చింది.

అలాంటి అడవి మీద ఇప్పుడు లేజరు పైనుంచి వానలా కురుస్తుంది. చెట్టు కింద నిలబడి తలెత్తితే ఆకుల సందుల్లో ఆకాశం ఎక్కడెక్కడ కనిపిస్తుందో, అక్కడల్లా లేజరు నేలకు దిగగలదు. ఒక్కో తునకలో కొంత పై ఆకుకు తగిలి ముందొస్తుంది, కొంత కొమ్మకు తగిలి తర్వాత, చివరగా నేలకు తగిలింది. చివరగా వచ్చిన వాటిని ఏరుకుంటే చెట్లు తీసేసిన నేల మిగులుతుంది. ఒక్క చెట్టూ కొట్టకుండా. కంబోడియాలో అంగ్‌కోర్ చుట్టూ అడవి కింద పాత నగరపు వీధుల గళ్లు 2012లో ఇలాగే బయటపడ్డాయి. మన దేశంలో ముంబయి-అహ్మదాబాదు బులెట్ రైలు దారి 508 కిలోమీటర్లనూ హెలికాప్టరు లేజరుతోనే కొలిచారు. నేల మీద పది పన్నెండు నెలలు పట్టే పని పన్నెండు వారాల్లో అయింది.

ఇక డబ్బులకు ముడిపడిన చోటు. కాలువ పనుల్లో మట్టి తవ్వకం లెక్క ఎలా కడతారో సైటులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. పనికి ముందు లెవెల్స్, పని అయ్యాక లెవెల్స్, ఇన్ని మీటర్లకొక క్రాస్ సెక్షన్, మధ్యలో నేల తిన్నగా ఉందనుకుని సగటు కట్టి కొలతల పుస్తకంలో, అదే ఎం-బుక్కులో, రాస్తారు. రెండు సెక్షన్ల నడుమ గుట్ట ఉంటే ఎవరికి లాభం, గుంట ఉంటే ఎవరికి లాభం అన్నది ఇక్కడ రాయక్కర్లేదు. స్కానరు ముందొకసారి, తర్వాతొకసారి తిరిగితే మధ్యలో ఊహ మిగలదు. కోల్ ఇండియా తన ఓపెన్‌కాస్టు గనుల్లో తీసిపోసిన మట్టిని స్కానర్లతో లెక్కకట్టడం మొదలుపెట్టింది ఇందుకే. అయితే రెండు పరిమితులున్నాయి. పనికి ముందు స్కాన్ తీయకపోతే, తవ్వేసిన నేల ఎంత ఎత్తుండేదో ఏ లేజరూ చెప్పదు. రెండోది, తవ్విన గొయ్యి ఎంతో అది చెబుతుంది, తవ్వింది మెత్తమట్టో, మొరమో, బండో చెప్పదు. రేట్లు మారేది అక్కడ. కాబట్టి కొట్లాట ఎంత తవ్వారన్న దగ్గర తగ్గి, ఏం తవ్వారన్న దగ్గరికి మారిందంతే.

*

మా వంతెన దగ్గరికి నవంబరులో మళ్లీ వెళ్లాం. అవే చోట్లు, అవే బంతులు, స్తంభాల మీద శాశ్వతంగా బిగించిన అవే గుర్తులు. రెండు మబ్బులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కదిలిన చోటు ఎర్రగా, కదలని చోటు పచ్చగా వచ్చేలా రంగులు వేయించాం. ఒక ఎర్ర మచ్చ కనిపించి ఊపిరి ఆగింది. చూస్తే పిచికగూడు. మిగతా వంతెనంతా పచ్చ. మూడో కమానులో తేడా యంత్రం పొరపాటు లోపలే ఉంది, రెండు మిల్లీమీటర్లు. దిగిన చట్రం మీదే మేస్త్రి కట్టి వెళ్లిపోయాడన్న మాట. పూతలు, నీటి గొట్టాలు, రెండో స్తంభం కింద రాతి పేర్పు చేయించి బస్సులకు అనుమతి ఉంచమని రాశాం. ఇప్పటికీ నడుస్తున్నాయి.

పాత ఫైలు అప్పుడప్పుడు తెరుస్తుంటాను. స్కాన్ అవుతుండగా కదిలినవన్నీ అందులో మసక చారలుగా మిగిలాయి. లారీ ఒకటి రోడ్డు మీద సాగిన జంతికలా ఉంది. మేకలు కాళ్లూ కొమ్ములూ వేరుపడి మబ్బుల్లా ఉన్నాయి. పెద్దాయన మాత్రం పెట్టె తనను దాటుతున్నంతసేపూ కర్రకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాడు కనుక, తలపాగా మడతలతో సహా వచ్చాడు. కాబట్టి మీకో మాట. ఎప్పుడైనా రోడ్డు పక్కన మూడు కాళ్ల మీద చిన్న పెట్టె తిరుగుతూ కనిపిస్తే దాని ముందు నుంచి నడవకండి, వెనక నుంచి పోయినా లాభం లేదు, అది అటూ చూస్తుంది. రెండు నిమిషాలు ఆగండి. అప్పటికే దాని ముందుకు వచ్చేసి ఉంటే, కదలకుండా నిలబడండి.